పొలములోని వేటసాలీళ్లు: వానిని పోల్చుకొను విధము

మొగిపురుగును, సుడిదోమను, ఉల్లికోడును, ఆకుముడతను చూచి గుర్తింపలేని రైతు మన సంఘ సభ్యులలో అరుదు. పంటను పాడుచేయు పురుగు ముఖము అందరికిని తెలిసినదే. కాని అదే మడిలో, అదే దుబ్బు మొదట, ఆ దోమలను పట్టి తినుచున్న ఎనిమిది కాళ్ల ప్రాణిని చూపి దీని పేరేమని యడిగినచో “సాలీడు” అను నొక్క మాటతో సంభాషణ ముగియును. మనము ఎద్దునకు రంగును బట్టి యొక పేరును, కొమ్మును బట్టి యొక పేరును పెట్టినవారము. వానను కార్తెల పేర గుర్తించువారము. వడ్లలో సన్నము, దొడ్డు అనుటతో తృప్తి పడక రకరకమునకు పేరు తెలిసినవారము. మన మడిలో పగలును రాత్రియు కూలి లేక పనిచేయు ఈ ప్రాణులకు మాత్రము అన్నిటికిని గలిపి యొకే పేరు పెట్టి యూరకుంటిమి.

పేరు తెలియకున్న నష్టమేమని కొందరు అడుగవచ్చును. నష్టము కలదు. పేరు లేనిదానిని ఎవరును లెక్కపెట్టరు. లెక్కపెట్టనిదానికి విలువ కట్టరు. మందు కొట్టుటకు ముందు దుబ్బునకు ఎన్ని దోమలున్నవో చూచువారు కొందరైనను కలరు గాని, ఎన్ని సాలీళ్లున్నవో చూచువారు మిక్కిలి తక్కువ. జనగామ చెలకలలోను, మానుకోట మిరప తోటలలోను, భూపాలపల్లి రేగడి పత్తి చేలలోను, ఈ మూడు జిల్లాల చెరువుల క్రింది వరి మళ్లలోను ఒకే తీరు కనబడుచున్నది. మందు ఖర్చు ఏటికేడు పెరుగుచున్నది. మందునకు మొదట చచ్చునది మాత్రము మన పక్షమున నున్న ప్రాణియే. కావున ఈ నెల మేము వేటసాలీళ్లను గూర్చి, వానిని ఒకదానినుండి మరియొకదానిని వేరుపరచు విధమును గూర్చి కొంత విపులముగా వ్రాయుచున్నాము.

మొదట నొక మాట. సాలీడు కీటకము కాదు. కీటకమునకు కాళ్లు ఆరు, శరీరమునకు భాగములు మూడు, తలపై మీసములు రెండు. పెక్కింటికి రెక్కలు నుండును. సాలీటికి కాళ్లు ఎనిమిది, శరీరము రెండే భాగములు, మీసములు లేవు, రెక్కలు లేవు. ముందరి భాగములో తలయు రొమ్మును గలిసిపోయి యుండును, వెనుకటిది కడుపు. కడుపు చివరనున్న చిన్న బొడిపెలనుండి దారము వచ్చును. దారము తీయని సాలీడు లేదు గాని, దారముతో వల నేయు సాలీళ్లు కొన్నియే. శ్రీకాళహస్తి పేరులోని “శ్రీ” సాలీడని మన పెద్దలు చెప్పుదురు. ఆ కథలోని సాలీడు స్వామికి దారముతో గుడి కట్టినది, అనగా వల జాతిది. మన మనస్సులో సాలీడన్నంతనే మెదలునది అట్టి బొమ్మయే. కాని ప్రపంచములోని సాలీళ్లలో వల పన్నక, కాలి బలముతోను కంటి చూపుతోను వేటాడి తినునవి ఇంచుమించు సగము కలవు. వీనినే వేటసాలీళ్లని పిలుచుచున్నాము. వల సాలీడు తన చోట కూర్చుండి, వచ్చినదానిని తినును. వేటసాలీడు దోమ యున్న చోటికి తానే పోవును. వరి దుబ్బు అడుగున నీటిమట్టమునకు జానెడు ఎత్తులో దాగియుండు సుడిదోమ వలలో పడుట అరుదు. దానిని వెదకి పట్టగలది వేటసాలీడే.

శాస్త్రజ్ఞులు వీనికి పేర్లు పెట్టుట ఎట్లు మొదలైనదో కొంచెము చెప్పుట యుక్తము. జంతువులన్నిటికిని శాస్త్రనామములు 1758వ సంవత్సరమునుండి లెక్కకు వచ్చును. స్వీడను దేశస్థుడగు లిన్నేయస్ పండితుని గ్రంథము ఆ యేటిది. కాని సాలీళ్లకు మాత్రము ఒక మినహాయింపు కలదు. అదే దేశమువాడగు క్లెర్క్ అను పండితుడు అంతకు ఒక యేడు ముందే, 1757లో, తన దేశపు సాలీళ్లపై బొమ్మలతో పుస్తకము ప్రకటించెను. అందలి పేర్లను శాస్త్రలోకము నేటికిని మన్నించుచున్నది. మన దేశమునకు వచ్చినచో, లండను మ్యూజియములో పనిచేసిన పోకాక్ అను నతడు 1900లో భారతదేశపు సాలీళ్లను తేళ్లను ఒక గ్రంథముగా వర్ణించెను. అంతకు ఒక యేడు ముందు, 1899లో, ఇతడే మన తెలుగు నేలలోని గుత్తిలో రైల్వే కలప కుప్పలలో దొరికిన నీలిరంగు పెద్ద సాలీటికి శాస్త్రనామము పెట్టెను. అది మరల శాస్త్రజ్ఞుల కంటబడుటకు నూరేండ్లు పట్టినది. 2001లో నంద్యాల, గిద్దలూరుల నడిమి యడవిలో కనబడినది. మద్రాసు మ్యూజియమునకు అధికారిగా నుండిన గ్రేవ్లీ 1924లో భారతదేశపు తోడేలు సాలీళ్లపై వ్రాసెను. తరువాత భారత జంతు సర్వేక్షణ సంస్థలోని టికాదర్ 1980లో తోడేలు సాలీళ్లను, ఎండ్రకాయ సాలీళ్లను గూర్చి సంపుటము వెలువరించెను. నేడు ప్రపంచమంతటి సాలీళ్ల పట్టిక స్విట్జర్లాండులోని బెర్న్ నగరమున నడుపబడుచున్నది. 2022 ఏప్రిల్‌లో ఆ పట్టికలో 50,000వ పేరు చేరినది. ఆ సాలీడు దక్షిణ బ్రెజిలు దేశపు దుముకుడు సాలీడు. ఇన్ని వేలలో మన మడికి, మన చేనుకు కావలసిన కుటుంబములు అయిదారు మాత్రమే. వానిని ముఖము చూచి చెప్పవచ్చును.

ముఖమనగా కండ్లు. సాలీళ్లలో అత్యధికమునకు ఎనిమిది కండ్లుండును. ఆ యెనిమిదియు ఏ వరుసలో, ఏ పరిమాణములో అమరియున్నవో చూచినచో కుటుంబము తెలిసిపోవును. రంగును నమ్మరాదు, ఒకే తల్లి పిల్లలలో రంగులు భేదించును. వలను నమ్మరాదు, ఏలనో ముందు చెప్పెదము. కండ్లు మాత్రము మోసగింపవు. ఇందుకు పెద్ద యంత్రములు అక్కరలేదు. గాజు గ్లాసు కాని, తెల్లని ప్లాస్టిక్ గ్లాసు కాని బోర్లించి సాలీటిని పట్టి, క్రింద కాగితము జొనిపి, పది రెట్లు పెద్దది చేయు చేతి అద్దముతో చూచిన చాలును. ఇప్పుడు చాలమంది సభ్యుల చేతిలో కెమెరా గల ఫోనున్నది. ముందునుండి ఒక ఫొటో, పైనుండి ఒక ఫొటో తీసి పెద్దదిచేసి చూచినను తెలియును.

వరి మడిలో మొదట పోల్చుకొనవలసినది తోడేలు సాలీడు. గోధుమ, బూడిద రంగులు గలది. పొడవు ఇంచుమించు వడ్లగింజంత. దుబ్బులో చేయి పెట్టి కదిలించినంతనే నీటిపై పరుగెత్తి, మరియొక దుబ్బునకు ప్రాకునది ఇదియే. దీని కండ్లు మూడు వరుసలు: క్రింద నాలుగు చిన్నవి, వానిపై ముందునకు చూచునట్లు రెండు పెద్దవి, నడినెత్తిపై వెనుకగా మరి రెండు. వీపున నడుమ లేతరంగు చార ముందువైపు చీలి, పంగలకఱ్ఱ వలె కనబడును. మన మళ్లలో ఎక్కువగా నుండు జాతికి శాస్త్రనామము పార్డోసా స్యూడోయాన్యులేటా. ఈ పేరునకును ఒక కథ కలదు. 1906లో జపాను దేశపు సాలీటిని చూచి ఇద్దరు పండితులు దీనికి టారెంటులా యను వంశనామము తగిలించిరి. తరువాత లైకోసా యనిరి. ఇప్పుడు పార్డోసా యనుచున్నారు. పాత వరి పుస్తకములలో లైకోసా యనియే యుండును. పహాణీలో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు, బ్యాంకు పుస్తకములో మరియొక పేరు గల రైతునకు ఈ చిక్కు తెలియనిది కాదు. మనిషి ఒక్కడే.

తోడేలు సాలీటి తల్లి తన గ్రుడ్లను దారముతో చేసిన సంచిలో చుట్టి, ఆ సంచిని కడుపు చివర అంటించుకొని తిరుగును. ఇట్టి గుర్తు గల సాలీడు మడిలో కనబడినచో ఇక కండ్లు చూడ నక్కరయే లేదు. పిల్లలు పొదిగిన తరువాత తల్లి వీపెక్కి కొన్నాళ్లు స్వారిచేయును. 60 నుండి 80 పిల్లలను మోయుచు వేటకు పోవు తల్లిని మన మళ్లలో చూడవచ్చును. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు 1987లో రైతులకై ప్రకటించిన పుస్తకములో, ఈ సాలీడు దినమునకు 5 నుండి 15 వరకు పురుగులను తినుననియు, మూడు నాలుగు నెలలు బ్రతికి 200 నుండి 400 వరకు గ్రుడ్లు పెట్టుననియు లెక్క చెప్పిరి. రాత్రివేళ దీనిని చూచుటకు మిక్కిలి సులువైన ఉపాయము కలదు. టార్చిలైటును నుదుటికి ఆనించి పట్టుకొని, లేక నుదుటి లైటు కట్టుకొని గట్టుమీద నిలిచి మడివైపు చూచినచో, దీని కండ్లు పచ్చనీలపు చుక్కలవలె మెఱయును. వల సాలీళ్ల కండ్లు ఇట్లు మెఱయవు. మంచు చుక్కలును మెఱయును గాని, తల కొంచెము ప్రక్కకు జరిపినంతనే ఆ వెలుగు మారును. గట్టు మీదికి రాత్రి పోవునప్పుడు పాములను మరువవలదని వేరుగ చెప్ప నక్కరలేదు.

ఇక్కడ ఒక తికమక యున్నది. వర్షాకాలపు తెల్లవారుజామున గట్టు గడ్డిపై మంచుతో తడిసి తెల్లని చేతిరుమాళ్లవలె పరచియున్న వలలను అందరు చూచియుందురు. ఒక మూల సన్నని గొట్టముండును; అందులో సాలీడు కూర్చుండి యుండును. చూచినవారు వల సాలీడందురు. దానిని పట్టి కండ్లు చూడుడు: నాలుగు, రెండు, రెండు. తల్లి గ్రుడ్ల సంచిని కడుపు చివరనే మోయును. ఇది తోడేలు కుటుంబమునకు చెందిన హిప్పాసా. బ్రతుకుతెరువునకు వల నేర్చినది. వంశము మాత్రము వేటగానిదే. వల నుండినంత మాత్రమున వల సాలీడు కాదు, వల లేనంత మాత్రమున వేటసాలీడును కాదు. అందుచేతనే కండ్లు చూడుమని చెప్పుచున్నాము.

రెండవది ముళ్లకాళ్ల సాలీడు. ఇంగ్లీషువారు దీనిని లింక్స్ అను అడవిపిల్లి పేర పిలుతురు. శాస్త్రనామము ఆక్సియోపీస్. ఇది నీటిమీద తిరుగునది కాదు. ఆకుల పైభాగమున నుండును. పైరు మూసికొనిన తరువాత వరిలోను, పత్తిలోను, కందిలోను, గట్టు గడ్డిలోను కనబడును. కాళ్లకు నిలువుగా నిక్కబొడుచుకొన్న నల్లని ముళ్లు దీని పెద్ద గుర్తు. కడుపు చివర సన్నగా మొనదేలియుండును. ప్రక్కలందు ఏటవాలు తెల్లని చారలుండును. కండ్లలో ఆరు కలిసి ఆరు మూలల చట్రమువలె అమరును. తక్కిన రెండు చాల చిన్నవి, వాని క్రింద నుండును. పట్టబోయినచో ఒక్క గెంతున ఆకు క్రిందికి పోవును. దీని తల్లి గ్రుడ్లను మోయదు. ఆకునకు అంటించి, దానిపై పరుండి కాపలా కాయును. మొగిపురుగు రెక్కల పురుగును, ఆకుముడత రెక్కల పురుగును పట్టుటలో దీనికి సాటిలేదు. దినమునకు రెండు మూడు రెక్కల పురుగులను చంపునని పై పుస్తకములోనే యున్నది. లెక్క చిన్నదిగా తోచవచ్చును. కాని ఒక్క మొగిపురుగు తల్లి పెట్టు గ్రుడ్ల ముద్దలో పదులకొలది పిల్లలుండును. గ్రుడ్లు పెట్టకముందే ఒక తల్లి చచ్చినచో ఎన్ని పిలకలు మిగులునో సభ్యులే లెక్క కట్టుకొనగలరు. ఈ కుటుంబములోనే ఆకుపచ్చ రంగు గల పెద్ద సాలీడొకటి కలదు. దాని పేరు ప్యూసీటియా. 1869లో స్టోలిచ్కా అను పండితుడు మన దేశపు జాతికి పేరు పెట్టెను. పచ్చని ఆకుపై పచ్చని సాలీడు. చూపు నిలిపి వెదకినవారికే కనబడును.

మూడవది దుముకుడు సాలీడు. దీనిని చూడని యిల్లే లేదు. గోడపై ఈగను పొంచి, పిల్లి ఎలుకపై దూకినట్లు దూకు చిన్న సాలీడు ఇదియే. సాలీళ్ల కుటుంబములన్నిటిలోను పెద్ద కుటుంబము దీనిది; 6,000 జాతులకు మించినవి. ముఖము పలకవలె చదునుగా నుండును. ముందు వరుసలో నాలుగు కండ్లు, అందు నడిమి రెండును లారీ దీపములవలె పెద్దవి. మనము వ్రేలు కదిపినచో తల త్రిప్పి మనవైపు చూచు సాలీడు ఇదొక్కటే యనవచ్చును. దూకుటకు ముందు ఒక దారము నేలకు అంటించి దూకును; గురి తప్పినచో ఆ దారము పట్టుకొని మరల పైకి వచ్చును. దూకుటకు మిడుత వలె కాలి కండబలము లేదు. ఒంటిలోని ద్రవమును వెనుకటి కాళ్లలోనికి ఒత్తి, ఆ యొత్తిడితో కాళ్లు చాచి ఎగురును. ఇండ్లలో ఎక్కువగా కనబడు ప్లెక్సిప్పస్ పేకుల్లీ మగది నల్లగా నుండి తెల్లని చారలు గలది, ఆడది గోధుమరంగుది. రెంటిని చూచినవారు రెండు జాతులని తప్పక భ్రమింతురు. పొలములో దుముకుడు సాలీళ్లు పచ్చదోమను, ఈగలను, చిన్న లద్దెపురుగులను తినును. మామిడి తోట గలవారు మరియొక చిత్రమును చూడవచ్చును. ఎఱ్ఱచీమలు గూడు కట్టిన కొమ్మలపై చీమవలెనే నడుచు సాలీడు కలదు. దాని పేరు మిర్మరాక్నే. ముందరి కాళ్లను రెంటిని ఎత్తి, చీమ మీసములవలె ఆడించుచుండును. తాకుటకు ముందు కాళ్లు లెక్కించుకొనవలెను.

తక్కిన వానిని త్వరగా ముగించెదము. ఎండ్రకాయ సాలీడు పత్తి పూవులోను, నువ్వు పూవులోను, గడ్డి పూవులలోను పొంచియుండును, ముందరి నాలుగు కాళ్లు పొడవు, వెనుకటివి పొట్టి, ప్రక్కకు నడుచును. తెలుపు, పసుపు రంగులలో నుండును. ఇది పూవునకు వచ్చిన తేనెటీగను గూడ పట్టును. సాలీళ్లకు మన మిత్రుడెవరో శత్రువెవరో తెలియదు. ఒకదానినొకటి సైతము తినును. సంచి సాలీడు లేత పసుపు రంగుది; ఎనిమిది కండ్లును చిన్నవి, రెండు వరుసలు; వరి ఆకును మడిచి దారముతో కుట్టి పగలు అందులో నిద్రించును. ఆకుముడత యనుకొని ఆ మడతను వ్రేళ్లతో నలుపవలదు. వీనిలో కొన్ని కఱచును; ప్రాణాపాయము లేదు గాని నొప్పి యుండును.

ఇంతవరకు కుటుంబమును పోల్చుట చెప్పితిమి. జాతిని తేల్చుట వేరు పని; దానికి పండితులే కావలెను. పిల్ల సాలీళ్లను చూచి జాతి చెప్పుట పండితులకును సాధ్యము కాదు. ఎదిగిన మగదాని ముఖము ముందర రెండు చిన్న చేతులవంటి అవయవముల చివర ఉబ్బియుండును; ఎదిగిన ఆడదాని కడుపు క్రింద ఒక గట్టి పలక యుండును. ఈ రెంటి ఆకారము జాతిజాతికి తాళమునకు తాళపుచెవి వలె వేరుగా నుండును. శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో వానిని చూచియే పేరు పెట్టుదురు. ఫొటో మాత్రము చూచి జాతి పేరు ఖండితముగా చెప్పువారిని మేము అంతగా నమ్మము.

మరియొక అపనింద తొలగింపవలసియున్నది. ఒంటిపై నీటిపొక్కులు లేచి మండినచో “సాలీడు మూత్రము పోసినది” అనుట మన పల్లెలలో వాడుక. సాలీడు అట్లు చేయదు. పొలము పని చేయువారికి అట్టి పొక్కులు వచ్చుటకు తఱచు కారణము వేరొక పురుగు: సన్నగా, పొడవుగా, నారింజ నలుపు పట్టెలతో నుండి రాత్రి దీపమునకు వచ్చు పెడెరస్ అను చిన్న పెంకుపురుగు. దానిని ఒంటిపై నలిపినచో దాని రసమువలన చర్మము కాలినట్లగును. నలుపక ఊది వేయవలెను. నలిగినచో సబ్బుతో వెంటనే కడుగవలెను. వింత యేమనగా అదియు వరిలో దోమలను తిను మిత్రపురుగే. పొక్కులు నడుముచుట్టు ఒకవైపునే వరుసగా లేచినచో అది సర్పియను వ్యాధి కావచ్చును, వైద్యుని చూడవలెను.

ఇప్పుడు ఖర్చు మాట. సుడిదోమ ఇరువదియైదు ముప్పది దినములలో గ్రుడ్డునుండి పెద్దదై మరల గ్రుడ్లు పెట్టును. దాని గ్రుడ్లు ఆకు తొడిమ లోపల దాగియుండుటచే మందు తగులదు. సాలీడు ఎదుగుటకు నెలలు పట్టును. దానికి దాగుకొను తొడిమ లేదు. నాటిన పదునైదు ఇరువది దినములకే ఏదో పురుగు కనబడినదని ఘాటైన మందు కొట్టినచో, పై దోమలును సాలీళ్లును కలిసి చచ్చును, వారమునకు గ్రుడ్లనుండి దోమపిల్లలు వచ్చును, తినువారు లేరు. నలువదియైదు దినములకు మడి సుడులు సుడులుగా ఎండిపోవును. అప్పుడు మరల మందు. ఈ చక్రము మన జిల్లాలలోనే పుట్టినది కాదు. ఇండోనేషియా ప్రభుత్వము దీనినే గ్రహించి 1986లో వరిపై 57 రకముల మందులను నిషేధించెను. వియత్నాములోని మెకాంగ్ డెల్టాలో 1994లో, నాటిన మొదటి నలువది దినములు ఆకు తిను పురుగులకు మందు కొట్టవలదని రేడియో నాటకములద్వారా రైతులకు చెప్పిరి. ఆకు కొంత పోయినను పైరు తిరిగి పుంజుకొనునని వారు మళ్లలో తామే చూచుకొని, మందు కొట్టుట సగమునకు తగ్గించిరి.

మన ప్రాంతమునకు ఈ పాఠము చాల ఖరీదుగా వచ్చినది. 1997–98లో నాటి వరంగల్లు జిల్లాలో పొగాకు లద్దెపురుగు, శనగపచ్చపురుగు పత్తిని తినివేసినప్పుడు, మందుపై మందు కొట్టి అప్పులపాలైన రైతులు అదే మందు త్రాగి మరణించిరి. ఆ యేటి దుఃఖము ఎఱుగని గ్రామము ఈ మూడు జిల్లాలలో తక్కువ. సాలీళ్లుండినచో ఆ యాపద రాకయుండెడిదని మేము చెప్పము; నకిలీ మందులు, అధిక వడ్డీ, కాలము తప్పిన వాన అన్నియు కలిసినవి. 2021–22లో మానుకోట మిరప తోటలపై పడిన నల్ల తామరపురుగు పూవు లోపల గుంపులుగా దూరునది. దానికి సాలీడు చాలిన విరుగుడు కాదు. వేటసాలీటిని సర్వరోగనివారిణిగా చెప్పువారిని గూడ మేము సమర్థింపము. వరిలో దోమకు మాత్రము ఇది మొదటి కావలివాడు.

ఈ విషయమున సహకార సంఘములకును ఒక చిక్కు కలదని దాచకుండ చెప్పవలెను. ఎరువులతోపాటు మందులను గూడ అమ్ము సంఘములు కలవు. సీసాలు ఎక్కువ అమ్ముడుపోయిన యేడు లెక్కలలో లాభముగా కనబడును. కాని సభ్యుడు తీసికొన్న పంట ఋణములో మందుపాలు తగ్గిననాడే వాయిదా సకాలమున కట్టును. సంఘమునకు ఏది లాభమో పాలకవర్గములు ఆలోచింపవలెను. గుళికల విషయమున ఇప్పటికే మార్పు వచ్చినది. ఫోరేట్ గుళికలు 2020 డిసెంబరు 31తో నిలిచిపోయినవి. ఉల్లికోడు, మొగిపురుగు భయమున్నచో నారు పీకుటకు వారము ముందు నారుమడికే గుళికలు వేయుట మేలు. నాటిన మడియంతట చల్లుటకన్న ఖర్చు తక్కువ, సాలీళ్లకు నష్టము తక్కువ.

జనగామ జిల్లాలో లింగాలఘనపురము మండలములోని ఏనబావి అను చిన్న పల్లె సంగతి మన సభ్యులలో చాలమంది విన్నదే. ఏబది కుటుంబములకు అటు ఇటుగా నున్న ఆ పల్లెవారు పురుగుమందులను క్రమముగా మానివైచి, 2006లో తమ యూరు రసాయనములు లేని యూరని ప్రకటించుకొనిరి. వరి, పత్తి రెండును వారు పండించినవారే. అందరికిని అంతటి మార్పు ఒక్కసారి సాధ్యము కాదు. అట్లు చేయుడని మేము ఒత్తిడి చేయుటయు లేదు. చిన్న పనులు కొన్ని కలవు. నాటునప్పుడు రెండు మీటర్లకొక చోట జానెడు వెడల్పున కాలిబాటలు తీసినచో గాలి, వెలుతురు దుబ్బు మొదటికి చేరి దోమ తగ్గును. గట్లపై గడ్డిని ఒక్కసారిగా చెక్కివేయక, ఒకవైపు చెక్కి రెండవవైపు వారము తరువాత చెక్కినచో సాలీళ్లకు ఆశ్రయముండును. కోసిన తరువాత కొయ్యకాళ్లను తగులబెట్టుట మానవలెను. ఆ మంటలో వచ్చు యాసంగి కావలివాండ్రందరు కాలిపోవుదురు. కొందరు చిన్న చిన్న వరిగడ్డి కట్టలను గట్లపై అక్కడక్కడ పెట్టి, సాలీళ్లు చేరిన తరువాత ఆ కట్టలను నాటిన మడిలోనికి మార్చుదురు. ఖర్చు లేని పని.

సాలీళ్లు మరల ఎక్కడనుండి వచ్చునని అడుగువారుందురు. గట్టునుండి నడచి వచ్చును, గాలిలోను వచ్చును. పిల్ల సాలీడు ఎత్తైన ఆకు కొనకెక్కి, కడుపెత్తి, సన్నని పోగును గాలికి వదలి, ఆ పోగుతోపాటు ఎగిరిపోవును. 1832లో డార్విన్ పండితుడు దక్షిణ అమెరికా తీరమునకు అరువది మైళ్ల దూరమున ఓడపై నుండగా ఇట్టి పిల్ల సాలీళ్లు వేలకొలది తాళ్లపై వచ్చి దిగినవి. సముద్రము దాటి పోగలవానికి మన గట్టు ఒక లెక్క కాదు. కాని దిగిన చోట మందు వాసన యున్నచో బ్రతుకవు.

ఇక మడిని చూచు విధము. ఉదయపు వేళ మడికి అడ్డముగా నడచుచు అయిదు చోట్ల, చోటునకు నాలుగేసి దుబ్బులు చూడవలెను. దుబ్బును కొంచెము వంచి, నీటిపై చేతితో తట్టినచో దోమలును సాలీళ్లును నీటిపై పడును. రెంటిని వేరువేరుగ లెక్కించి వ్రాసికొనవలెను. పిలకల దశలో దుబ్బునకు పది పదునైదు దోమలకన్న తక్కువయుండి, తోడేలు సాలీళ్లు దుబ్బుదుబ్బునను కనబడుచున్నచో మూడునాలుగు దినములు ఆగి మరల చూడవచ్చును. దోమ పెరుగుచునే యున్నచో నీరు తీసివేసి, బుప్రోఫెజిన్, పైమెట్రోజిన్ వంటి దోమకే ఎక్కువగా పనిచేయు మందును దుబ్బు మొదటికి తగులునట్లు కొట్టవలెను. ముగింపు అక్షరములు “త్రిన్” అని యుండు పైరెత్రాయిడ్ మందులను వరిలో దోమకు వాడరాదు. అవి దోమను చంపుటకన్న పెంచుటయే ఎక్కువ.

తమ మడిలోని సాలీటి జాతి తెలిసికొనగోరు సభ్యులు ఎదిగిన సాలీళ్లను చిన్న సీసాలో స్పిరిటు పోసి అందులో వేయవచ్చును. మూడు పాళ్లు స్పిరిటునకు ఒక పాలు నీరు చాలును. సీసాలోనే ఒక కాగితపు ముక్కపై పెన్సిలుతో ఊరి పేరు, తేది, పంట, దుబ్బు మొదట దొరికినదో ఆకుపై దొరికినదో వ్రాసి వేయవలెను. కలముతో వ్రాసినచో స్పిరిటులో సిరా కరగిపోవును. చీటీ లేని సీసాలోని సాలీడు పండితునకు పనికిరాదు. వరంగల్లు వ్యవసాయ పరిశోధన కేంద్రమునకు పోవువారెవరైన నున్నచో వారి చేతికిచ్చి పంపవచ్చును.